డబ్బా ఒక్కటే మారుతుందట!

మా బావగారు ఆ సందేశాన్ని నాకు పంపడం ఇది మూడోసారి. ఈలోగా ఇద్దరు పాత స్నేహితులు, ఒక పాత సహోద్యోగి కూడా పంపారు. "ఓ మాజీ ఇంజినీరు బయటపెట్టిన రహస్యం" అని మొదలై "కనీసం పదిమందికి పంపండి" అని ముగుస్తుంది. సారాంశం ఇదీ: కారు కంపెనీ పేరుతో అమ్మే ఒరిజినల్ విడిభాగాలు, బయట దొరికే ఆఫ్టర్‌మార్కెట్ విడిభాగాలు ఒకే ఫ్యాక్టరీలో తయారవుతాయి, డబ్బా మాత్రమే మారుతుంది, కాబట్టి ఏ భాగమైనా సరే కళ్లు మూసుకుని చవకైనదే కొనండి. దాని కింద ఏడు "నిజాలు". మొదటి రెండుసార్లు నవ్వి ఊరుకున్నాను. ఈసారి బావగారు కింద ఒక వాక్యం చేర్చారు: "బ్రేక్ ప్యాడ్లు కూడా ఇలాగే మార్పించేశాను." ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"అన్నీ ఒకే ఫ్యాక్టరీలోవే."

ఇందులో సగం నిజం ఉంది. మిగతా సందేశాన్నంతా భుజాన మోస్తున్నది ఆ సగమే. కారు కంపెనీలు తమ కార్లలోని భాగాల్లో చాలావాటిని సొంతంగా తయారు చేయవు. బాష్, డెన్సో, వాలియో, జడ్‌ఎఫ్ వంటి సంస్థలు చేసి ఇస్తాయి. అవే సంస్థలు వాటిలో కొన్నింటిని తమ సొంత డబ్బాలో పెట్టి బయటా అమ్ముతాయి. ఒకసారి ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మార్చినప్పుడు, కంపెనీ బిగించిన పాతదాన్నీ బయట కొన్న కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పోతపోసినప్పుడు పడిన గీత కూడా రెండింటి మీదా ఒకే చోట ఉంది. పాతదాని మీద కారు కంపెనీ గుర్తు ఉన్నచోట, కొత్తదాని మీద ఆ గుర్తును అరగదీసిన గరుకు మచ్చ ఉంది. వేలితో తడిమితే తెలుస్తుంది. తక్కువ ధరకు కొన్నందుకు నేను కోల్పోయింది ఆ గుర్తు ఒక్కటే. ఇంతవరకు సందేశం చెప్పింది నిజమే.

అయితే అది పేరున్న తయారీదారు తన పేరు వేసుకుని అమ్మిన సరకు. వేరే సంస్థ సొంతంగా రూపొందించి, పరీక్షించి అమ్మేది ఇంకో రకం. పేరూ ఊరూ లేనిది మరో రకం. పేరున్నవాళ్ల డబ్బాను కాపీ కొట్టి, అందులో ఏదో ఒకటి పెట్టి అమ్మే నకిలీ నాలుగోది. ఈ నాలుగింటినీ "ఆఫ్టర్‌మార్కెట్" అనే ఒకే గాటన కట్టేసి, మొదటిదాని గొప్ప చెప్పి మూడోదాన్ని అంటగడుతోంది ఈ సందేశం. ఫ్యాక్టరీ నిజంగా ఒకటే అయినా సరకు ఒకటే కావాలని లేదు. ఒకే ప్రెస్సులో నిఘంటువూ అచ్చవుతుంది, గోడ పోస్టరూ అచ్చవుతుంది. కాగితం ఒకటేనా?

"హోలోగ్రాం స్టిక్కర్ ఉంటే నిశ్చింతగా కొనండి."

డబ్బాతో పనే లేదన్నవారు రెండో పాయింటుకే డబ్బా మీద స్టిక్కర్ చూడమంటున్నారు. డబ్బాను అచ్చు వేయగలిగినవాడికి స్టిక్కర్ ఒక లెక్కా? తర్వాతిది.

"గట్టి బ్రేక్ ప్యాడే మంచిది. కంపెనీవాళ్లు మళ్లీ మళ్లీ కొనిపించడానికి మెత్తటివి చేస్తారు. గచ్చు మీద గీసి చూడండి, పొడి రాలకపోతే మంచి సరకు."

ఇది రాసిన మహానుభావుడు ఎవరో తెలియదు. రోడ్డు మీద ఆయన కారుకు ముందు మాత్రం నేను ఉండకూడదని కోరుకుంటున్నాను.

అరగడం ప్యాడు లోపం కాదు, దాని ఉద్యోగమే అది. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, దాన్ని ఆపడానికి వేడిగా మార్చాల్సిన శక్తి దాదాపు 4.6 లక్షల జౌళ్లు. దానితో లీటరున్నర మామూలు నీటిని మరిగే స్థితికి తేవచ్చు. ఆ వేడినంతా కొన్ని సెకన్లలో చక్రంతో పాటు తిరిగే డిస్కులు, వాటిని నొక్కి పట్టే ప్యాడ్లు మింగాలి. అందులోనూ ఎక్కువ భారం ముందు చక్రాలదే. కొండదారి దిగుతుంటే ఇదంతా మలుపు మలుపుకూ జరుగుతుంది. ప్యాడులోని పీచును, లోహపు పొడిని, గ్రాఫైటును కలిపి పట్టి ఉంచేది ఒక రెసిన్. అది నాసిరకమైతే వేడికి కాలి వాయువులు వదులుతుంది. ఆ వాయువు ప్యాడుకూ డిస్కుకూ మధ్య పొరలా నిలుస్తుంది. పెడల్ గట్టిగానే తగులుతుంది, మీరు కాలితో తొక్కుతూనే ఉంటారు, కారు మాత్రం ఆగదు. దీన్ని గచ్చు మీద గీసి కనిపెడతారట! గచ్చు మీద గీసేది చల్లటి ప్యాడును. పొడి రాలకపోవడమే గొప్పయితే ఒక ఇనుప రేకు బిగించుకుంటే సరిపోతుంది, జన్మలో అరగదు.

పైగా గట్టి ప్యాడు అరగకపోతే డిస్కు అరుగుతుంది. ప్యాడు మీద మిగిల్చింది డిస్కు మీద పోతుంది.

చూడాల్సింది వేరే ఉంది. ప్యాడు అంచున గానీ, వెనక రేకు మీద గానీ తయారీదారు గుర్తు, మిశ్రమం సంఖ్య, తరచుగా వాటి చివర రెండు ఇంగ్లిషు అక్షరాలు ఉంటాయి. మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పటి ఘర్షణను, రెండోది వేడెక్కాక ఘర్షణను చెబుతుంది. 'ఇ' అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35 వరకు, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45 వరకు, 'జి' అంటే 0.45 నుంచి 0.55 వరకు. 'ఎఫ్‌ఎఫ్' అని ఉంటే వేడెక్కినా పట్టు అదే స్థాయిలో నిలుస్తుందని. 'ఎఫ్‌ఇ' అని ఉంటే వేడెక్కాక తగ్గుతుందని. ఇది నాణ్యతకు పూర్తి హామీ కాదు. కానీ అంచునా, రేకు మీదా ఏమీ లేకుండా నున్నగా రంగు పూసి ఉంటే, చేసినవాడికే తన సరకు మీద పేరు వేసుకునే ధైర్యం లేదన్నమాట.

ఇంకో సంగతి. బయట అమ్మే ప్యాడ్ల కోసమే ఐక్యరాజ్యసమితి నిబంధన ఒకటి ఉంది, ఆర్90 అంటారు. దాని ప్రకారం ప్రత్యామ్నాయ ప్యాడు పనితీరు అసలు ప్యాడుకు 15 శాతం లోపు తేడాలో ఉండాలి. కిందికే కాదు, పైకి కూడా. ముందు చక్రాల పట్టుకూ వెనక చక్రాల పట్టుకూ మధ్య కారు తయారైనప్పుడు కుదిర్చిన తూకం ఒకటి ఉంటుంది మరి. అంటే మంచి ఆఫ్టర్‌మార్కెట్ ప్యాడ్లు ఉన్నాయి, వాటిని గుర్తించే ముద్రా ఉంది. సందేశంలో దాని గురించి ఒక్క ముక్క లేదు, గచ్చు మాత్రం ఉంది.

"ఆయిల్ ఫిల్టర్ మర సరిపోతే చాలు."

మర, అంటే ఇంజిన్‌కు బిగించే చుట్లు, సరిపోతుంది, నిజమే. లోపల రెండు కవాటాలున్న సంగతి ఎవరు చూస్తారు? ఇంజిన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపేది ఒకటి. ఫిల్టర్ పూడుకుపోయినప్పుడు ఇంజిన్‌కు ఆయిల్ అందకుండా పోకూడదని పక్కదారి తెరిచేది రెండోది. మొదటిదాని రబ్బరు నాసిగా ఉంటే రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ను పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఒకటి రెండు సెకన్లు లోపల గలగలమంటుంది. ఆయిల్ ఇంకా పైకి చేరలేదన్నమాట. రెండోది ఎంత ఒత్తిడికి తెరుచుకోవాలన్నది ఇంజిన్‌ను బట్టి మారుతుంది. "సరిపోతే చాలు" సూత్రాన్ని, పిస్టన్లూ వాల్వులూ వేళ తప్పకుండా కదిలేలా చూసే టైమింగ్ బెల్టుకు కూడా వర్తింపజేసేవారుంటే ముందే చెబుతున్నాను: చాలా ఇంజిన్లలో ఆ బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను గుద్దుతాయి. అప్పుడు బెల్టులో మిగిల్చిన డబ్బును ఇంజిన్ విప్పిన మెకానిక్ చేతిలో పెట్టి రావచ్చు.

"బయటి భాగాలు వేస్తే వారంటీ పోతుందన్నది పచ్చి అబద్ధం. చట్టం ఉంది."

ఏ దేశంలో? అది రాయలేదు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. బయటి ఫిల్టర్ వేశారన్న ఒక్క సాకుతో కారు కంపెనీ వారంటీని నిరాకరించకూడదు. కానీ ఆ ఫిల్టర్ వల్లే ఇంజిన్ చెడిందని తేలితే ఆ మరమ్మతుకు నిరాకరించవచ్చు. మిగతా చోట్ల అక్కడి చట్టం చూసుకుని, మీ కారుతో ఇచ్చిన వారంటీ పుస్తకం తిరగేయాల్సిందే. అది ఇప్పటికీ డాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా ఉంటుందని నాకు తెలుసు.

"వైపర్లు కూడా ఒరిజినల్ కొనేవారు అమాయకులు."

నిజమే. ఏసీ ఫిల్టర్, కాళ్ల కింది మ్యాట్లు కూడా కలుపుకోండి.

"ఒరిజినల్ భాగాలు మాత్రం పాడవవా?"

ఇక్కడ నేను సందేశం కంటే ఒక అడుగు ముందుకే వెళ్తాను. దీన్ని రాసినవారికి మంచి ఉదాహరణే దొరకలేదు. జపాన్ సంస్థ టకాటా చేసిన ఎయిర్‌బ్యాగులు కార్ల కంపెనీలు తమ ఫ్యాక్టరీల్లో బిగించినవే. వాటిని ఉబ్బించే అమోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు క్షీణించి, ప్రమాద సమయంలో దాన్ని నింపిన లోహపు గుళిక పగిలి ముక్కలు మనుషుల మీదికి చిమ్మాయి. మరణాలు సంభవించాయి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10 కోట్ల గుళికలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2017లో ఆ సంస్థ దివాలా తీసింది. కాబట్టి కంపెనీ ముద్ర ఉంటే చాలు, ఏ దోషమూ ఉండదనే వారితోనూ నాకు పేచీయే.

కానీ ఆ "వెనక్కి పిలవడం" అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఏ కారులో ఏ గుళిక ఉందో లెక్క ఉంది కనుకనే యజమానులకు ఉత్తరాలు వెళ్లాయి. నకిలీ ఎయిర్‌బ్యాగులూ ఉన్నాయి. 2012లోనే అమెరికా రహదారి భద్రతా సంస్థ వాటి గురించి హెచ్చరించింది. పరీక్షల్లో కొన్ని తెరుచుకోనే లేదు, కొన్ని లోహపు ముక్కలు చిమ్మాయి. వాటిని కొన్నవారికి ఎవరు ఉత్తరం రాస్తారు?

ఇదంతా బావగారికి రాసి, చివర అడిగాను: "బావగారూ, మీరు వేయించిన ప్యాడ్ల అంచు మీద ఏముందో ఒక ఫోటో తీసి పంపుతారా? చక్రం విప్పించాల్సి వస్తుంది, కాస్త శ్రమే. అయినా ఈ రోజే."

గంట తర్వాత ఫోటో వచ్చింది. డబ్బాది. చాలా బాగుంది, హోలోగ్రాం కూడా ఉంది.