టెంక తిన్నారని తిట్టే ముందు

ఒడిశాలో మా రాయగడ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నిన్న ఒకాయన పెట్టాడు: "ఉచితంగా బియ్యం ఇస్తున్నా ఈ కొండోళ్ళు ఇంకా మామిడి టెంకలే తింటారు, వాంతులు విరేచనాలు రావా మరి." కింద వరసగా నవ్వుల బొమ్మలు. నాది మందుల షాపు. కొండ దిగి వచ్చే కోందు గిరిజనులకి ఇరవై ఏళ్ళుగా ఓఆర్‌ఎస్ అమ్ముతున్నాను. అందుకే ఊరుకోలేక ఇది రాస్తున్నా.

టెంక అంబలి ఎలా కాస్తారో ఒక ముసలమ్మ మా షాపు మెట్ల మీద కూర్చుని చెప్పింది. ఎండాకాలంలో టెంకలు ఏరి ఆరబెట్టాలి. గలగలమనేదాకా ఎండాక పగలగొట్టి లోపలి జీడి తీసి దంచాలి. ఆ పిండిని గుడ్డలో కట్టి పారే గెడ్డలో ఉంచితే వగరంతా పోతుంది. తర్వాతే పొయ్యి మీదికి. చోళ్ళు, అంటే రాగులు, అయిపోయి, కొత్త పంట రాని ఆషాఢం, శ్రావణం ఇలా గడిచేవి.

అంటే దానికి రెండు కావాలి, మండే ఎండ, పారే నీళ్ళు. ఇప్పుడు టెంకలు ఆరేసిన వారానికే వాన పడుతోందని, తడిసినవి బూజు పడుతున్నాయని ఆవిడే చెప్పింది. గెడ్డేమో ముందే ఎండిపోతోంది. చెలమ తవ్వుకుని ఆ నిలవ నీళ్ళతోనే పిండి కడగడం, అవే తాగడం. జూన్‌లో మొదటి పెద్ద వానకి కొండ మీది మురికంతా ఆ చెలమలోకే దిగుతుంది. ఒక్క వాన చూపించి ఇదే వాతావరణ మార్పు అనలేం, ఒప్పుకుంటా. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, పడితే కుండపోతే. 2017 జూలైలో మన రాయగడ పక్కన తేరుబలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది గుర్తుందా? మనకి రైళ్ళు ఆగాయి. కొండ మీద ఊటలు ఏమయ్యాయో ఎవరం అడగలేదు.

2001లో మన జిల్లాలోనే కాశీపూర్‌లో 20 మందికి పైగా పోతే, ఆకలి చావులు కావు, టెంక విషమైందని ప్రభుత్వం అంది. 2007లో కలరా. 2022లో మళ్ళీ అక్కడే కలరా. 2024లో పక్కనే కంధమాల్‌లో టెంక జావ తాగి ఆడవాళ్ళు చనిపోయారు. ప్రతిసారీ తప్పు తిన్నవాళ్ళదే!

ఉచిత బియ్యం మనిషికి నెలకి 5 కిలోలు. గుట్టలెక్కి దిగేవాళ్ళకి ఎన్నాళ్ళొస్తాయో మీ ఇంట్లో లెక్క చూసుకోండి.

కొండ మీద మంచినీళ్ళు ఇవ్వడం చేతకాని పని అంటారా? మలేరియా చూడండి. జ్వరం ఉన్నా లేకున్నా ఊరూరా అందరికీ రక్తపరీక్ష చేసి, దోమతెరలిస్తే, ఒడిశాలో 2017లో దాదాపు 3.5 లక్షల కేసులు 2018కల్లా 70 వేల లోపుకి దిగాయి. ఆ దోమతెరలు మోసుకుని కొండెక్కింది ఆశా కార్యకర్తలే. ఊటకి గట్టు కట్టి పైపు వేయడం అంతకన్నా కష్టమా?

ఇంకోటి, చెబితే మనవాళ్ళకే కోపం వస్తుంది. గుణుపూర్ వైపు పత్తి విత్తనం, మందు అప్పిచ్చి పోడులోకి దించినవాళ్ళలో ఆంధ్రా వ్యాపారులు లేరా? నీలగిరి తోటలు వేయించిందెవరు? చోళ్ళు, సామలు, కందులు కలిపి చల్లిన చేనులో వాన ఎటు తిప్పినా ఏదో ఒకటి చేతికొచ్చేది. పత్తి పోతే అప్పు మిగులుతుంది, కుండలోకి ఏమీ రాదు. మా బావమరిది కూడా ఆ వ్యాపారంలోనే ఉన్నాడు, కాబట్టి నేనేదో మంచివాణ్ణని చెప్పుకోవడం లేదు.

ఈ ఏడు వైశాఖంలో ఎన్ని వానలు పడ్డాయో మీరూ చూశారు. జూన్ ఆర్డర్‌లో ఓఆర్‌ఎస్ రెండింతలు రాశాను.