డ్రైవర్ సీట్లో ఉన్నవాడికి సరస్సు కనబడదు

మొన్న డిసెంబరులో విశాఖ వెళ్లినప్పుడు ఎంవీపీ కాలనీలో మా ఇంటి వరండాలో పెద్ద పంచాయితీ. వచ్చే వేసవిలో అమ్మానాన్నల్ని స్విట్జర్లాండ్ తీసుకెళ్లాలి, అంతవరకు అందరిదీ ఒకే మాట. ఎలా తిరగాలన్న దగ్గరే పేచీ. "కారుంటే మనిష్టం బావా, ఎక్కడ బావుంటే అక్కడ ఆపుకోవచ్చు" అంటాడు మా బావమరిది.

ఈ మాటే నమ్మి రెండేళ్ల కిందట జెనీవాలో కారు తీసుకున్నాను. జెనీవా సరస్సు ఒడ్డున లావో అనే చోట ద్రాక్షతోటల కిందుగా పోతుంటే వెనక సీట్లోవాళ్లు "అబ్బ, అటు చూడండి" అంటున్నారు, నేనేమో ముందున్న బస్సు వెనకభాగం చూస్తున్నాను. పార్కింగ్ కోసం అరగంట తిరిగాక తోటవాళ్లు వైన్ గ్లాసు చేతికిస్తే ఒక్క గుటక తాగి పక్కన పెట్టేశాను, ఎందుకంటే అక్కడ బండి నడిపేవాడి రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతానికి చేరకూడదు. ఇంటికొచ్చిన నెలకి ఫైను కూడా వచ్చింది.

కాబట్టి ఈసారి కారు లేదు. మనవాళ్లు చేసే పది రోజులు, పన్నెండు ఊళ్ల టూరు అసలే వద్దు. పారిస్‌లో రెండు రోజులుండి, అక్కడి గార్ ద లియోన్ స్టేషన్‌లో టీజీవీ అనే హైస్పీడ్ రైలు ఎక్కితే నాలుగు గంటల్లోపే స్విట్జర్లాండ్‌లోని లోజాన్. దీనికి మాత్రం సీటు ముందే బుక్ చేసుకోవాలి, స్విట్జర్లాండ్ లోపల తిరిగే మామూలు రైళ్లకు ఆ టెన్షన్ లేదు, ఒకటి పోతే ఇంకోటి. లోజాన్ నుంచి సరస్సు ఒడ్డునే వెవే అనే ఊరు, అక్కడ ఒకే గదిలో ఐదు రాత్రులు. సూట్‌కేసు ఒక్కసారే విప్పుతాం. వెవే వెళ్లే రైల్లో కుడివైపు కిటికీ పట్టుకోండి, సరస్సు అటే.

లావోలో ఆ మెట్లమెట్ల తోటలు 11వ శతాబ్దం నుంచి సన్యాసులు రాళ్లు పేర్చి కట్టుకొచ్చినవి, 2007లో యునెస్కో జాబితాకెక్కాయి. ద్రాక్షకు మూడు సూర్యుళ్లంటారు అక్కడివాళ్లు: ఆకాశంలోది, నీళ్లలో మెరిసేది, పగలంతా కాగిన రాతిగోడ రాత్రి వదిలే వేడి. ఆ తోటల మధ్య క్యులీ అనే ఊళ్లో లోకల్ రైలు దిగి గోడ పక్కనే నడుస్తూ పోయి, షాస్లా అనే అక్కడి తెల్ల వైన్ చల్లగా తాగి, తర్వాతి స్టేషన్‌లో మళ్లీ ఎక్కేయొచ్చు.

అయితే ఆ సందులన్నీ ఎత్తుపల్లాలు, అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. దాన్ని దాచి ప్లాన్ వేస్తే తిట్లు తినేది నేనే. ఆమెకోసం వెవే నుంచి పైనున్న ప్విదూ అనే ఊరికి తోటల మధ్యే ఎక్కే చిన్న రైలుంది, పావుగంట కూడా పట్టదు, పైదాకా వెళ్లి అదే రైల్లో దిగొచ్చు.

ఇదంతా చెబితే బావమరిది ఇంకా నసుగుతున్నాడు గానీ అమ్మ ఎప్పుడో ఒప్పేసుకుంది. ఆమెకు అరకు రైలు తెలుసు కదా. 2017లో అద్దాల విస్టాడోమ్ పెట్టె వచ్చినా ఆమె ఎక్కేది మామూలు కిరండూల్ ప్యాసింజరే. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెడుతుంటే, శిమిలిగూడ దగ్గర చల్లగాలికి కొంగు తలమీదికి లాక్కుని, ఊచల్లోంచి వేరుశనగ తొక్కలు పారేస్తూ కూర్చుంటుంది.

"అక్కడి రైల్లో కిటికీ తెరుచుకుంటుందా?" అని ఒక్కటే అడిగింది.

చాలావాటిలో తెరుచుకోదని ఇంకా చెప్పలేదు.