పెద్దమనిషి గుర్రమెక్కితే తప్పేమిటి?

ఫిన్లాండులో మొదలైన కర్ర గుర్రాల పోటీల వీడియోలు ఈపాటికి అందరి ఫోన్లకూ చేరి ఉంటాయి. కర్ర చివర గుడ్డతో కుట్టిన గుర్రం తల, దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని అడ్డుకర్రల మీదుగా దూకే ఆడపిల్లలు. సెయినాయోకి పట్టణంలో జాతీయ పోటీలు జరుగుతున్నాయి. 2024లో జర్మనీ కూడా ఫ్రాంక్‌ఫర్టులో తొలి జాతీయ పోటీలు పెట్టింది. మీటరుకు పైగా ఎత్తు దూకేవాళ్లున్నారు. డ్రెసాజ్ అనే విభాగంలోనైతే దూకడంతో పని లేదు, నడకలోని లయకూ నడుము నిలకడకూ మార్కులు వేస్తారు. ఇందులో నవ్వడానికేముందని అడగబోయాను గానీ, మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను. నలభై ఆరేళ్ల వయసులో నేనే కర్ర పట్టుకున్నాక నవ్వు ఆగి ఆయాసం మొదలైంది.

నా గుర్రం తల ఒక పాత ఊలు మేజోడు. లోపల చిరిగిన దిండులోని దూది కూరాను. కళ్లకు కుట్టిన గుండీలు రెండూ ఒక సైజువి కాకపోవడంతో అది ఎప్పుడూ మనల్ని అనుమానించినట్టే చూస్తుంది. మెడ దగ్గర తాడు గట్టిగా బిగించకపోతే మూడో గెంతుకే తల తిరిగిపోయి నా మొహంలోకి చూస్తుంది. మేడ మీద రెండు ప్లాస్టిక్ కుర్చీల మధ్య బట్టలారేసే తాడు మోకాలెత్తున కట్టి దూకాను. ఒక చేయి కర్రకూ, రెండోది కళ్లేనికీ పోతే చేతులు ఊపి ఎగిరే వీలుండదు, భారమంతా పిక్కలూ తొడలే మోయాలి. పైన రౌతు కదలకూడదు, కింద గుర్రం ఆగకూడదు. మన పాత నిఘంటువులు గుర్రం నడకలను అయిదుగా లెక్కపెట్టాయి: ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం. నాకింకా ఒక్కటీ పట్టుబడలేదు.

రెండో రోజు పక్క ఫ్లాటు ఆవిడ వడియాలు తీసుకుపోవడానికి మేడ మీదికి వచ్చి, కాసేపు చూసి, "డాక్టరుగారు చెప్పారా అండీ?" అని అడిగారు. వెటకారం కాదు, పాపం, నిజంగానే అడిగారు.

మన ఊరి జబ్బంతా ఆ ప్రశ్నలో ఉంది. మన విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో ఉదయం పూట వాహనాలు ఆపేస్తారు. ఆ వేళ అక్కడ వెనక్కి వెనక్కి నడిచేవాళ్లు కనిపిస్తారు, రక్తం బాగా పారుతుందని చప్పట్లు కొడుతూ పోయేవాళ్లు కనిపిస్తారు, గుంపుగా నిలబడి చేతులు పైకెత్తి హహహ అని నవ్వేవాళ్లు కనిపిస్తారు. ఈ నవ్వుల క్లబ్బులు 1995లో ముంబైలో ఒక డాక్టరు మొదలుపెట్టినవి. హాస్యం లేకుండా నవ్వితే ఆరోగ్యమట, గుర్రం లేకుండా స్వారీ చేస్తే మతి చెడినట్టట! చక్కెర తగ్గుతుందనో, మోకాళ్లు బాగుపడతాయనో చెప్పుకుంటే తప్ప వయసు వచ్చినవాళ్లు వీధిలో గెంతకూడదా? సరదాగా ఉందని గెంతితే ఎవరి సొమ్ము పోయింది?

బీచ్‌లో నిజం గుర్రాలే ఉన్నాయి, వాటిని ఎక్కరాదా అంటారు. ఎక్కవచ్చు. అక్కడ శ్రమ గుర్రానిది, కళ్లెం దాని యజమానిది, మనది ఫోటో మాత్రమే. ఇది పరాయి దేశపు వేలంవెర్రి అనేవాళ్లు తాటిమట్ట ఎక్కి ఊరు చుట్టిన తమ తాతలను మరిచిపోయారు. నడుముకు గుర్రం బొమ్మ కట్టుకుని ఆడే కీలుగుర్రాల ఆటగాళ్లు మన జాతరలకు కొత్తవారా? ఉత్తరాంధ్ర తప్పెటగుళ్లు చూడండి. గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు, నేల అదిరే ఎగురుడు. ఎగిరేది పసిపిల్లలా? మీసాలున్న మగవాళ్లు.

మగవాళ్లు. నా మాట చివరికి వచ్చి చేరేది ఇక్కడికే. మగవాడు పెద్దమనిషి అంటే పదిమంది మధ్య కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆడపిల్ల పెద్దమనిషి అయిందంటే అదే ఆమె ఆఖరి ఆట. ఏడో తరగతిలో నా తొక్కుడు బిళ్లను మా నాయనమ్మ గోడ అవతలికి విసిరేసి, "ఇక ఆ గెంతులేమిటి?" అంది. నున్నగా అరిగిన పెంకు ముక్క, నా బొటనవేలికి అతికినట్టు ఉండేది. ఫిన్లాండు కర్ర గుర్రాల మీద దూకేవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా ఆ వయసు ఆడపిల్లలే. మన దగ్గర బిళ్ల గోడ దాటిన వయసులో వాళ్లు అడ్డుకర్ర దాటుతున్నారు.

ఇక్కడ ఏ మైదానానికైనా సాయంత్రం వెళ్లి చూడండి. మధ్యలో అబ్బాయిల క్రికెట్టు. ఆడవాళ్లు చీరకు పిన్ను పెట్టుకుని, కాళ్లకు కాన్వాస్ బూట్లు వేసుకుని అంచు వెంట గుండ్రంగా తిరుగుతుంటారు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, ఆ గుండ్రం లోపలికి ఒక్కరూ అడుగు పెట్టరు. బంతి దొర్లుకుంటూ వస్తే తీసి విసరడం వరకే వాళ్ల ఆట.

అందుకే అడుగుతున్నాను. బీచ్ రోడ్డు మూసే ఆ కాసేపట్లో ఇరవై గజాల చోటు, అయిదారు అడ్డుకర్రలు ఇప్పించండి. తలలు మేమే కుట్టుకుంటాం. కర్రలు ఏటికొప్పాకవైతే మరీ మంచిది. ఆ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి పోయినా, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లక్క పనితనం మనదే. తరిమెన మీద తిప్పి నునుపు చేసిన అంకుడు కర్ర తేలిక, నా మాపు కర్రలా అరచేతిలో పేళ్లు దించదు. ఒక్క విన్నపం: అక్కడ "ఆరోగ్యమే మహాభాగ్యం" అని మాత్రం బోర్డు పెట్టకండి.