సెల్లో వాద్యానికి సీటు కొంటారు, పిల్లాడికి మాత్రం కొనరు

స్టేజి మీద బతికే ఒంటరి తల్లిని ఎవరైనా పొగడటం మొదలుపెడితే నాకు గుబులు పుడుతుంది. 'అమ్మో, ఒక్కరే ఎలా నెట్టుకొస్తున్నారండీ, మీరు నిజంగా గ్రేట్' అంటారు. ఆ ఒక్క మాటతో వాళ్ల బాధ్యత తీరిపోతుంది. గ్రేట్ కదా, తనే చూసుకుంటుందిలే అని అందరూ చేతులు దులుపుకుంటారు.

నేను నాటకాల మనిషిని. ఊరూరా తిరిగి ఆడతాను. కొడుకును ఒక్కదాన్నే పెంచుతున్నాను. కాబట్టి దూరం నుంచి చూసి రాస్తున్నది కాదిది.

అసలు చిక్కు పని ఎక్కువవడం కాదు. మా పని వేళలు, పిల్లల వేళలు ఒకదానికొకటి అడ్డం పడటం. బడి వదిలే టైముకే మాకు కాల్ టైమ్, అంటే హాలుకు చేరాల్సిన వేళ. సెట్ చూసుకోవాలి, సౌండ్ చెక్ చేసుకోవాలి, మేకప్‌కి కూర్చోవాలి. పిల్లలు నిద్రకు పడే వేళకు, ఆట మొదలవుతోందని మూడో గంట కొడతారు. ఆట అయ్యాక రంగు తుడుచుకుని, డ్రెస్సులు పెట్టెల్లో సర్ది, రూముకొచ్చి పడుకున్నా నిద్ర పట్టదు. అంతసేపు జనం ముందు నిలబడ్డ ఒళ్లు ఒక పట్టాన చల్లబడదు. తీరా కన్ను మూతపడేసరికి పిల్లాడు లేచి కూర్చుంటాడు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఆ పొద్దుటి పూట వాళ్లు చూసుకుంటారు. లేకపోతే లేదు. దీనికి టైమ్ మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవాళ్లకు ఓ దండం.

వాణ్ణి వెంట తీసుకెళ్లకపోతే వీడియో కాల్. ఫోన్‌ను అద్దానికి ఆనించి కళ్లకు కాటుక దిద్దుకుంటూ మాట్లాడతాను. వాడు సగంసేపు ఫోన్ మంచం మీద పడేసి ఎటో పోతాడు, నాకు తిరిగే ఫ్యాన్ కనిపిస్తుంటుంది. మళ్లీ వచ్చి 'ఒక్క కన్నే పెట్టుకున్నావేంటమ్మా' అని నవ్వుతాడు. సరిగ్గా అప్పుడే, బడిలో ఎవరో ఏదో అన్నారని చెప్పడం మొదలుపెట్టేసరికి, బయట రెండో గంట. ఆ కాల్ కట్ చేసి వెళ్లి కామెడీ సీను ఆడాలి. జనం నవ్వుతారు కూడా. ఆ సీను ఎప్పుడూ పండుతుంది, అదేం వింతో.

'అంత కష్టమైతే మానెయ్యొచ్చుగా' అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బిడ్డ కోసమే ఈ పాట్లు అంటే లోకం కరిగిపోతుంది. నాకు స్టేజి అంటే ఇష్టం, అందుకే వెళుతున్నాను అంటే మాత్రం ముఖాలు మారిపోతాయి. నాకు ఇష్టమే. అద్దె కట్టాలన్నది నిజం, ఇష్టమన్నదీ నిజం. ట్రూపులో తండ్రులు బోలెడుమంది ఉన్నారు, వాళ్లలో ఎవరికీ ఈ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని లేదు. ఆ సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

నాకు ఒళ్లు మండించింది రైడర్ విషయం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: ప్రదర్శనకు ముందు మాకు ఏమేం కావాలో నిర్వాహకులకు రాసిచ్చే పట్టీ అది. ఎన్ని మైకులు, ఎన్ని మానిటర్లు, లైట్లు ఎలా ఉండాలి, నేల జారకుండా ఉండాలి, తువాళ్లు ఎన్ని, అద్దం చుట్టూ బల్బులు, అన్నీ రాస్తాం. ఎవరూ కాదనరు. ఒకసారి నేను దాంట్లో ఒక లైను చేర్చాను. నాతో వచ్చే బిడ్డకు, వాణ్ణి చూసుకునే మనిషికి టికెట్లు, బస, గ్రీన్ రూముకు దగ్గర్లో తలుపు వేసుకునే వీలున్న ఒక గది. 'అది మీ పర్సనల్ కదండీ' అన్నారు అవతలివాళ్లు. విశేషమేమిటంటే, అదే టూరులో సెల్లో, అంటే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం, వాయించే ఆయన వాద్యం కోసం విమానంలో పక్క సీటు కొన్నారు. సెల్లోను లగేజీలో వేస్తే పగిలే ప్రమాదముంది కాబట్టి చాలామంది అలాగే చేస్తారు, తప్పేం లేదు. వాద్యం లేకపోతే ఆయన వాయించలేడు. బిడ్డను చూసే మనిషి లేకపోతే నేనూ ఆడలేను. మొదటిది షో ఖర్చు, రెండోది నా పర్సనల్!

ఈ లెక్క కోర్టుల దాకా వెళ్లింది. కెనడాలో సొంత ప్రాక్టీసున్న ఒక మహిళా న్యాయవాది, పిల్లల్ని చూసే ఆయాకిచ్చే జీతాన్ని వృత్తి ఖర్చుగా చూపిస్తే పన్ను శాఖ ఒప్పుకోలేదు. 1993లో సుప్రీంకోర్టు కూడా కుదరదంది. సైమ్స్ కేసు అంటారు. తొమ్మిది మంది జడ్జిల్లో ఏడుగురు పన్ను శాఖ వైపు, ఇద్దరు ఆమె వైపు. ఆ ఇద్దరే ఆ బెంచిలో ఉన్న ఆడవాళ్లు. ఇంతకన్నా నేను చెప్పేదేముంది.

డబ్బూ పేరూ ఉంటే వేరే దారి ఉంది. విడాకుల తర్వాత బ్రిటిష్ గాయని అడెల్ ఊరూరా తిరగలేదు. 2022 నవంబరు నుంచి 2024 నవంబరు దాకా లాస్ వేగాస్‌లో ఒకే హాల్లో, ఎక్కువగా శుక్ర శనివారాల్లో పాడింది. జనమే ఆమె దగ్గరికి వెళ్లారు. బాగుంది, కానీ నా కోసం ఎవరూ విమానమెక్కరు. ఇంకో కొసన మన సురభి ఉంది. 1885లో కీచకవధతో మొదలై, కుటుంబాలకు కుటుంబాలే నాటకంగా బతికాయి. తల్లి స్టేజి మీదుంటే పక్కన తెర చాటున వింగ్‌లో పిన్నో అత్తో బిడ్డను ఎత్తుకుని ఉండేది. ఆ బిడ్డే నాలుగేళ్లు తిరక్కుండా వేషం కట్టేది. మకాం మారినప్పుడల్లా బడి సంగతేమిటన్నది దాని రెండో ముఖం, కాబట్టి నేను దాన్ని మరీ ఆకాశానికెత్తను. కానీ బిడ్డను చూసుకోవడం కూడా నాటకం పనిలో భాగమే అని అక్కడ ఎవరూ విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇలాంటివి ఒప్పందంలో రాసుకోవడం కుదరదనేవాళ్లు క్రీడల వైపు చూడండి. అమెరికాలో మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ 2020 ఒప్పందంలో పిల్లలున్న ప్లేయర్లకు రెండు పడగ్గదుల ఇల్లు, పిల్లల సంరక్షణకు ఏటా 5,000 డాలర్లు రాసుకున్నారు. వాళ్లదీ తిరిగే బతుకే, వాళ్లదీ సాయంత్రం ఆటే. ఊరికే రాలేదది, ప్లేయర్ల సంఘం బేరమాడి సాధించుకుంది. మా నటులకు షోకింత అని లెక్క. బిడ్డకు జ్వరమొచ్చి ఒక షో మానితే ఆ పారితోషికం పోతుంది, మరుసటి టూరుకు ఫోన్ కూడా రాదు. అలాంటప్పుడు ఒంటరిగా ఎవరు బేరమాడతారు?

చిన్న ట్రూపులకు అంత స్తోమత ఎక్కడిది అంటారా? ఒప్పుకుంటాను. కానీ పైసా ఖర్చు లేనివి కొన్ని ఉన్నాయి. డేట్లు ముందే ఖాయం చేసి, చివరి నిమిషంలో మార్చకండి. లైట్లు సరిచేసుకునేంతసేపూ నటులందర్నీ కూర్చోబెట్టకుండా, ఎవరి సీనుకు వాళ్లను పిలవండి. అన్నిటికన్నా ముఖ్యం, 'పాపం ఆమెకు పిల్లాడున్నాడు, రాలేదులే' అని జాలిపడి లిస్టులోంచి పేరు కొట్టెయ్యకండి. నాకు దక్కకుండా పోయిన వేషాల్లో చాలావాటిని కొట్టేసింది శత్రువులు కాదు, ఇలాంటి దయగలవాళ్లే. అడగండి. రాలేకపోతే రాలేనని నేనే చెబుతాను.

నా రైడర్‌లో ఆ లైను ఇప్పటికీ ఉంది, మైకుల కిందే, తువాళ్లకు పైన. కావాల్సినవాళ్లు కాపీ చేసుకోండి: 'కళాకారిణి బిడ్డకు, సంరక్షకురాలికి ప్రయాణం, బస నిర్వాహకులు ఏర్పాటు చేయాలి. ఇది ప్రదర్శన ఖర్చులో భాగం.' ఇదే లైను పది మంది రాసిస్తే, పదకొండో ఆమెకు 'పర్సనల్' అని చెప్పడానికి నోరు రావడం కొంచెం కష్టమవుతుంది.