చదివినట్టు రుజువేది?

హైస్కూలు పిల్లల్లో పుస్తకాల మీద ఇష్టం తగ్గిపోయిందని లోకమంతా బెంగపడుతోంది. నా బెంగ వేరు. ఆ ఇష్టం అక్కడక్కడా ఇంకా మిగిలే ఉంది, దానికి మాత్రం లెక్కాపత్రం లేదు. 2018లో దేశదేశాల విద్యార్థుల చదువును కొలిచే పిసా సర్వే వాళ్లు 15 ఏళ్ల పిల్లల్ని అడిగితే, ఆ సర్వే నడిపే ఓఈసీడీ అనే, ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి సగటున దాదాపు సగం మంది "తప్పదంటేనే చదువుతాను" అన్నారు. క్రమశిక్షణ గల పిల్లలు. వాళ్ల గురించి అందరూ దిగులుపడ్డారు గానీ, మిగతా సగం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. తప్పకపోయినా చదివేస్తున్నారా? ఎవరి అనుమతితో? ఎన్ని పేజీలు?

అందుకే ప్రతి విద్యార్థికీ ముందు ఒక పఠన డైరీ ఇవ్వాలి. తేదీ, పుస్తకం పేరు, చదివిన పేజీలు, పట్టిన సమయం, కొత్త పదాలు, గ్రహించిన నీతి, చివర తల్లి లేదా తండ్రి సంతకం. హంతకుడెవరో తేలబోతున్నా సరే, ఇరవయ్యో నిమిషం కాగానే పుస్తకం మూసి డైరీ తెరవాలి. నీతి గడి ఖాళీగా వదలకూడదు. "నవ్వొచ్చింది" అన్నది నీతి కిందికి రాదు. దెయ్యం కథకు నీతి దొరక్కపోతే "పరిశుభ్రత" అని రాసుకోవచ్చు, ఎవరూ అడగరు. ఈ డైరీ పిల్లల్లో చదివే అలవాటు పెంచదని కొందరి ఆరోపణ. రాసే అలవాటు పెంచుతుంది కదా! ఆదివారం రాత్రి కూర్చుని, తెరవని పుస్తకానికి ఏడు రోజుల పేజీలు కల్పించడం చిన్న ప్రతిభేం కాదు. అమ్మ సంతకం విషయంలో కొందరు అమ్మనే మించిపోయారు.

ఇక బహుమతులు. మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ఒక ప్రయోగం ప్రచురించారు. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి "గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. వాళ్లు గీశారు, సర్టిఫికెట్లు పుచ్చుకున్నారు. కొన్నాళ్ల తర్వాత ఏ ఆశా చూపకుండా స్కెచ్ పెన్నులు ముందు పెడితే, మిగతా పిల్లలతో పోలిస్తే వాళ్లు గీసిన సమయం సుమారు సగమే. ఆశ పెట్టకుండా చివర్లో సర్టిఫికెట్ చేతికిచ్చిన పిల్లలు మాత్రం ఎప్పటిలాగే గీసుకున్నారట. దీన్నిబట్టి బహుమతి ఆశ చూపితే ఉన్న ఇష్టం కూడా పోతుందని పండితులు తేల్చారు. వాళ్లు సర్టిఫికెట్ పంచుతుండగా తీసే ఫోటో గురించి ఆలోచించలేదు. ఇష్టాన్ని ఫోటో తీయలేం. కాబట్టి పుస్తకానికి ఇన్ని పాయింట్లని పెట్టి, ఎక్కువ పాయింట్లొచ్చినవాళ్లను వేదిక ఎక్కించాలి. పిల్లలు పాయింట్ల కోసం సన్న పుస్తకాలే ఏరుకుంటే, అది గణితం మీద ఇష్టం.

లైబ్రరీ విషయంలో మాత్రం చరిత్రను మెచ్చుకోకుండా ఉండలేను. ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్ కెథడ్రల్‌లో పుస్తకాలకు ఇనుప గొలుసులు కట్టిన పాతకాలపు గ్రంథాలయం ఇప్పటికీ ఉంది. అయితే ఆ ఏర్పాటులో ఒక లోపముంది. గొలుసు పుస్తకాన్ని గడప దాటనివ్వదు గానీ, అక్కడే బల్ల దగ్గర కూర్చుని హాయిగా చదువుకోనిస్తుంది. మన బడి బీరువాకు ఆ లోపం లేదు. 1931లో మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాస్తూ, పుస్తకాలున్నది వాడుకోవడానికేనని మొదటి సూత్రంలోనే అనేశారు. ఆయనకేం, ఆడిట్‌లో పేజీ చిరిగిన పుస్తకానికి సంజాయిషీ ఇచ్చుకునేది తాళంచెవి ఉన్నవాళ్లు!

ఏది చదవాలో పిల్లలే ఎంచుకోవాలన్న వాదన ఇంకా ప్రమాదకరం. వదిలేస్తే వాళ్లు బొమ్మల కథలు చదువుతారు, ఆటల పత్రికలు చదువుతారు, పోయిన నెల చదివిన పుస్తకాన్నే మళ్లీ మొదలెడతారు. ఇవేవీ చదవడం కాదు. ఇంకొందరు నచ్చని పుస్తకాన్ని పదో పేజీలోనే పక్కన పడేస్తారు. ఆ హక్కు పెద్దలది. మనం ఎన్ని పడేయలేదు! పిల్లవాడు మాత్రం మొదలుపెట్టింది పూర్తి చేయాలి, అప్పుడే రెండో పుస్తకం జోలికి వెళ్లకుండా ఉంటాడు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, వెనక బెంచీలో ఎవరో ఒకరు లెక్కల పుస్తకం చాటున నవల పెట్టుకుని చదువుతూ దొరుకుతూనే ఉంటారు. బెల్లు కొట్టినా వినపడదు, పేరు పిలిచినా పలకరు. ఇలాంటివాళ్లను బెంచీ ఎక్కించడం, పుస్తకం లాక్కోవడం పాత పద్ధతులు. దానివల్ల ఆ నవల పేరు క్లాసంతా పాకి, సాయంత్రానికి నలుగురు వెతుక్కుంటారు. ఇష్టం అంటురోగంగా మారేది ఇలాగే. టీచరు కోప్పడకుండా ఆ పుస్తకం పేరు రాసుకుని పైకి పంపిస్తే చాలు. వచ్చే ఏడాది నుంచి దాన్ని ఉపవాచకంగా పెడదాం. కథానాయకుడి స్వభావాన్ని వివరించడానికి ఐదు మార్కులు, ఖాళీలు పూరించడానికి ఐదు. అప్పుడు ఆ పిల్లవాడే వచ్చి, దీనికి గైడు ఎక్కడ దొరుకుతుందని అడుగుతాడు.