కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే పాత తిరస్కరణ చెరిగిపోతుందా?

అమెరికా ఎఫ్-1 వీసా రాని విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా జోరుగా తిరుగుతోంది. వీసా ఒకసారి రిజెక్ట్ అయితే ఆ పాస్‌పోర్టుకు మచ్చ పడినట్టేనట. అది పోయిందని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి కొత్తది తీసుకోవాలట. నంబరు మారితే పాత రికార్డు దొరకదు కనుక వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో, ఇంతకుముందు వీసా నిరాకరించారా అన్న ప్రశ్నకు "నో" అని పెట్టి, హైదరాబాద్ వదిలి వేరే కాన్సులేట్‌లో స్లాట్ తీసుకోవాలట. ఖాతాలో 28 రోజులు డబ్బు నిలిపితే ఇక వీసా ఖాయమట. ఇందులో ఒక్క మాటా నిలబడేది కాదు. కొన్నయితే నేరుగా నేరాలే.

ముందు మచ్చ సంగతి చూద్దాం. విద్యార్థులకు ఎక్కువగా ఎదురయ్యే తిరస్కరణ అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద వస్తుంది. వచ్చే ప్రతి దరఖాస్తుదారూ అక్కడే స్థిరపడే ఉద్దేశంతో ఉన్నాడని ముందే అనుకుని, కాదని ఒప్పించే బాధ్యతను అతని మీదే పెట్టే సెక్షన్ అది. ఆ రోజు, ఆ కిటికీ దగ్గర, ఆ అధికారికి నమ్మకం కుదరలేదన్నంత వరకే దాని అర్థం. అది నిషేధం కాదు, ఇన్నాళ్లు ఆగాలన్న గడువూ లేదు. కొత్త దరఖాస్తు నింపి 185 డాలర్ల రుసుము మళ్లీ కట్టి వెళ్లవచ్చు. విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ సెవిస్‌కు కట్టే 350 డాలర్ల ఫీజునైతే, తిరస్కరణ జరిగిన 12 నెలల్లోపు అదే తరగతి వీసాకు వెళ్లేవారు రెండోసారి కట్టనక్కరలేదు. ఈ సంగతి ఆ సందేశం రాసినవారికి తెలిసినట్టు లేదు, తెలిసినా చెప్పలేదు.

ఇక అసలు చిట్కా, కొత్త పాస్‌పోర్టు. వీసా రికార్డు పాస్‌పోర్టు నంబరు ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటుందన్న ఊహ మీద ఇది నడుస్తోంది. ఇంటర్వ్యూకు ముందు బయోమెట్రిక్స్ కేంద్రంలో పది వేళ్ల ముద్రలూ, ఫోటో తీసుకుంటారు. పుస్తకం మారినంత మాత్రాన వేళ్లు మారవు. పైగా మన దగ్గర వాడుకలో ఉన్న నీలిరంగు పాస్‌పోర్టు చివరి పేజీ ఒకసారి తెరిచి చూడండి. తల్లిదండ్రుల పేర్లు, చిరునామా ఉన్న ఆ పేజీలోనే పాత పాస్‌పోర్టు నంబరు, అది జారీ అయిన తేదీ, చోటు అచ్చువేసి ఉంటాయి. దాచాలనుకున్న నంబరును కొత్త పుస్తకమే చూపిస్తుందన్నమాట. అంతటితో ఆగదు. పాస్‌పోర్టు ఎప్పుడైనా పోయిందా, పోతే నంబరెంత అని డీఎస్-160 విడిగా అడుగుతుంది. అక్కడ నిజం చెబితే చిట్కా వృథా, అబద్ధం చెబితే ఇంకో అబద్ధం.

ఇంట్లో బీరువాలో ఉన్న పాస్‌పోర్టును పోయిందని రాసివ్వడం మన చట్టం ప్రకారమూ చిన్న విషయం కాదు. పాస్‌పోర్టు పొందడానికి తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటే పోయేదేమీ లేదు. ఈ సలహా వింటే మాత్రం పోలీసు కేసు దాకా వెళ్లవచ్చు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ "నో". ఇంతకుముందు మీకు అమెరికా వీసా నిరాకరించారా అన్న ప్రశ్నకు తెలిసి అబద్ధం చెప్పడం వాస్తవాన్ని దాచి వీసా పొందే ప్రయత్నమవుతుంది. దానికి వర్తించే అదే వలస చట్టంలోని 212(ఎ)(6)(సి) సెక్షన్ కింద అనర్హత జీవితకాలం ఉంటుంది. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప వీసా రాదు. 214(బి) తిరస్కరణ మరో ఇంటర్వ్యూతో తొలగిపోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఫారం కన్సల్టెన్సీ వాళ్లు నింపారన్న సాకూ పనికిరాదు. నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని ఆ ఫారమే అడుగుతుంది, చివర్లో సంతకం మాత్రం విద్యార్థిదే.

కాన్సులేట్ మార్చడం వల్ల ఒరిగేదీ లేదు. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్‌లలో ఎక్కడికి వెళ్లినా అధికారి ముందు తెరుచుకునేది ఒకే రికార్డు.

28 రోజుల నిబంధన బ్రిటన్ స్టూడెంట్ వీసాది. దాన్ని ఎవరో తెచ్చి అమెరికాకు అతికించారు. అమెరికా అధికారి చూసేది కాలేజీ పంపే ప్రవేశ పత్రం ఐ-20లో రాసిన ఖర్చుకు డబ్బు నిజంగా ఎక్కడి నుంచి వస్తుందన్నది. బ్యాంకు ఇచ్చిన విద్యారుణ మంజూరు పత్రం ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుతుంది. "ఫండ్స్ మేం చూపిస్తాం" అని కమీషన్‌కు నెలపాటు ఖాతాలో వేసే సొమ్ము, మీ నాన్నగారి జీతమెంత అన్న ఒక్క ప్రశ్నకే తేలిపోతుంది. దానికి తోడు నకిలీ స్టేట్‌మెంట్ పెడితే మళ్లీ పైన చెప్పిన జీవితకాల అనర్హతే.

రెండోసారి వెళ్లేవారు డీఎస్-160లో వీసా నిరాకరించారా అన్న ప్రశ్నకు "యస్" పెట్టాలి. దాని కింద వివరణకు ఒక గడి తెరుచుకుంటుంది. తిరస్కరణ జరిగిన నెల, కాన్సులేట్ పేరు, 214(బి) అన్న సెక్షన్ రాస్తే చాలు. సంజాయిషీ ఏమీ అక్కరలేదు.