మహారాజశ్రీ నలభై నిమిషాల కోర్సు గారికి

ఆస్ట్రేలియా ఆస్పత్రుల కంప్యూటర్లలో కొలువైయుండి, ఆ దేశపు మూలవాసులైన అబోరిజినల్ ప్రజల గురించి సిబ్బందికి పాఠం చెప్పే మహారాజశ్రీ ‘అబోరిజినల్ సాంస్కృతిక అవగాహన’ ఆన్‌లైన్ కోర్సు గారి దివ్యసముఖమునకు, ఒక ప్రసూతి వార్డులో రాత్రి డ్యూటీ చేసే తెలుగు నర్సు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

గడువులోగా మిమ్మల్ని పూర్తి చేయకపోతే నా పేరు ఎర్ర రంగులోకి మారుతుందని మీరు పంపిన హెచ్చరిక అందింది. మా మేనేజరు రక్తం చూసి బెదరరు కానీ, ఆ పట్టికలో ఎర్ర రంగు కనిపిస్తే తట్టుకోలేరు. అందుకని రెండు కాన్పుల మధ్య దొరికిన ఖాళీలో మిమ్మల్ని దర్శించుకున్నాను. సగంలో ఉండగా పక్క గదిలో బాలింత గంట కొట్టింది. వెళ్లి వచ్చేసరికి మీరు అలిగి, మళ్లీ మొదటి స్లయిడుకు వెళ్లి కూర్చున్నారు. మనిషి పిలిస్తే మిమ్మల్ని వదిలి వెళ్లడం తప్పని అలా తెలిసింది.

మీ అలంకారం వర్ణించ నా తరమా! చుట్టూ ఎర్రమన్ను రంగులో చుక్కల అంచు. తెర తీయగానే డిజెరిడూ నాదం. అది ఉత్తర ఆస్ట్రేలియా జాతులు ఊదే వాద్యం. మీరు మాత్రం ధారాళంగా ఖండమంతటికీ పంచిపెట్టారు. ఇక్కడ ఒకప్పుడు 250కి పైగా భాషలు ఉండేవని ఒక స్లయిడులో చెప్పారు. తరువాతి స్లయిడులోనే, అబోరిజినల్ రోగులు కళ్లలోకి చూసి మాట్లాడరని ఆ జాతులన్నిటినీ కలిపి ఒక్క వాక్యంలో కట్టిపడేశారు. ఇక ప్రశ్నపత్రం. అబోరిజినల్ గర్భిణితో ఎలా మెలగాలి? అ) గౌరవంగా. ఆ) అగౌరవంగా. ఇ) పట్టించుకోకుండా. ఈ) పైవేవీ కావు. ఎన్నిసార్లు తప్పినా మళ్లీ రాయనిస్తారు, జవాబుల వరుస కూడా మార్చరు. మీ కరుణకు హద్దు లేదు. నాకు నూటికి నూరు వచ్చాయి. ఏడాది పాటు నేను సాంస్కృతికంగా సురక్షితమైన మనిషినని మీరు ఇచ్చిన పత్రాన్ని మేనేజరుకు పంపాను. ఆవిడ ప్రాణం కుదుటపడింది.

మీ వంశ చరిత్ర మీరు ఏ స్లయిడులోనూ చెప్పుకోరు. సిగ్గు కాబోలు. 1988లో న్యూజిలాండ్‌లో జరిగిన ఒక సమావేశంలో ఆ దేశపు మూలవాసులైన మావోరి జాతి నర్సింగ్ విద్యార్థిని ఒకరు లేచారు. చట్టపరమైన భద్రత అంటారు, నైతిక భద్రత అంటారు, వైద్యంలో భద్రత అంటారు, మా సంస్కృతికి భద్రత మాటేమిటని అడిగారు. ఇరిహాపేటి రామ్స్‌డెన్ అనే మావోరి నర్సు ఆ ప్రశ్నను పట్టుకుని వదలలేదు. 1992 నాటికి అది ‘సాంస్కృతిక భద్రత’ పేరుతో ఆ దేశపు నర్సింగ్ చదువులోకి వచ్చింది. ఎదుటివాళ్ల ఆచారాలను బట్టీ పట్టమని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నర్సు తన చేతిలో ఉన్న అధికారాన్ని, తన బుర్రలో ఉన్న చులకన భావాన్ని ముందు చూసుకోవాలన్నారు. అందిన వైద్యం సురక్షితంగా ఉందో లేదో చెప్పవలసింది వైద్యం చేసినవాళ్లు కాదు, చేయించుకున్నవాళ్లు అన్నారు. ఆస్ట్రేలియాలో వైద్య వృత్తులను నియంత్రించే సంస్థ కూడా ఈ మాటనే ఒప్పుకుంది. 2022లో చట్టంలోకి కూడా ఎక్కించారు.

మరి మీ దర్బారులో పరీక్ష రాసేది నేను, దిద్దేది మీరు, ముద్ర వేసేది మా ఆస్పత్రి. పురుడు పోసుకున్న మనిషి మాటకు ఇందులో ఎక్కడా చోటు లేదు.

మీ ఏడో స్లయిడులో చిన్న విమానం బొమ్మ, దాని కింద ‘మారుమూల ప్రాంతాల మహిళలు ప్రసవానికి నగరానికి ప్రయాణిస్తారు’ అనే వాక్యం ఉన్నాయి. తీర్థయాత్రకు వెళ్తారన్నట్టు ఎంత ముచ్చటగా రాశారు! 38 వారాలు వచ్చేసరికి, ప్రమాదం ఉన్నా లేకపోయినా, ఆర్నెమ్ ల్యాండ్ నుంచి డార్విన్‌కు, ఎడారి ఊళ్ల నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌కు, కేప్ యార్క్ నుంచి కెయిర్న్స్‌కు నిండు చూలాలిని విమానం ఎక్కిస్తారు. అక్కడ ఏదో హాస్టల్లో కూర్చుని నొప్పుల కోసం వారాల తరబడి ఎదురు చూడాలి. ఇంటి దగ్గర పెద్ద పిల్లలు ఎవరి పంచనో ఉంటారు. తోడుగా తల్లికో పిన్నికో టికెట్టు దొరుకుతుందా లేదా అన్నది నిబంధనల దయ. అందుకే కొందరు నెలలు తప్పు చెబుతారు. కొందరు విమానం వచ్చే రోజున కనిపించకుండా పోయి, నొప్పులు ముదిరాక ఊరి క్లినిక్ తలుపు తడతారు. వీళ్లను మీరు ‘సహకరించని రోగులు’ అంటారు.

విమానం వద్దని నేను అనడం లేదు. మన్యంలో రోడ్డు లేక గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే వార్తలు చదువుతూ పెరిగినదాన్ని. రక్తస్రావమైనా, బిడ్డ అడ్డం తిరిగినా ఆ విమానమే దేవుడు. కానీ 1990ల నుంచి గ్రామీణ ప్రసూతి విభాగాలను వందకు పైగా మూసేసి, ఆ తర్వాత దగ్గరలో కాన్పు చేసే చోటు లేదు గనుక రండి అనడం వైద్య నిర్ణయమేనా? మీ స్లయిడులో విమానం ఉంది, మూసేసిన తలుపుల బొమ్మ మాత్రం లేదు.

మా వార్డుకు తెలుగు అమ్మాయి పురిటికి వస్తే, వెనకే విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మ ఉంటుంది. ఒక చేతిలో వాము నీళ్ల ఫ్లాస్కు, ఇంకో చేతిలో పథ్యం అన్నం క్యారియర్. విమానాశ్రయంలో కాయం డబ్బా మూత తీసి ‘ఇదేమిటి’ అని అడిగిన అధికారికి బాలింత పథ్యమంతా తెలుగులో వివరించిన కథ, అడగకపోయినా చెబుతుంది. తొలి కాన్పు పుట్టింటి చేతుల మీదుగా జరగాలన్న మా పట్టింపు సముద్రాలు దాటి వచ్చి పురిటిగది బయట కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. మా డాక్టర్లు దాన్ని చూసి మురిసిపోతారు, ‘మీ వాళ్లకు కుటుంబమంటే ఎంత ప్రేమో’ అంటారు. ఈ నేల మీద అరవై వేల ఏళ్లుగా పురుళ్లు పోసుకుంటున్న జాతుల ఆడపిల్ల, మా అమ్మమ్మ పక్కన ఉండాలి, బిడ్డ మా నేల మీద పుట్టాలి, మాయను మా మట్టిలోనే పాతిపెట్టాలి అంటే మాత్రం అదే డాక్టర్లు ఫైలులో ‘ప్రత్యేక అభ్యర్థన’ అని రాస్తారు. పుట్టిన చోటును బట్టే ఆ బిడ్డకు ఆ నేల మీద హక్కు, దానిని కాచుకునే బాధ్యత మొదలవుతాయని నమ్మే జాతులు అక్కడ ఉన్నాయి. ఇక ఆచారం ప్రకారం పచ్చి ఆకుల పొగ తల్లికీ బిడ్డకూ పట్టాలని ఎవరైనా అడిగితే, మా భద్రతా విభాగానికి అగ్నిమాపక యంత్రం తప్ప మరేదీ గుర్తుకు రాదు.

మొన్నొక రాత్రి పద్దెనిమిదేళ్ల అమ్మాయి వచ్చింది. వెంట పిన్నులు, అమ్మమ్మ, వదిన. గోడ మీద బోర్డు: ఇద్దరికి మించి అనుమతి లేదు. మిగిలినవాళ్లు చిరుతిళ్ల మిషన్ పక్కన నేల మీద కూర్చున్నారు. అమ్మమ్మ లోపలికి వచ్చే వంతు కోసం బయట తగువు లేదు, గొణుగుడు లేదు. మీ కోర్సులో చెప్పినట్టే, రోగులకూ ఆస్పత్రికీ మధ్య వారధిగా ఉండే అబోరిజినల్ లయజన్ అధికారిని పిలుద్దామని ఫోను ఎత్తాను. రికార్డు చేసిన గొంతు పలికింది: కార్యాలయ వేళలు సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగున్నర వరకు. అబోరిజినల్ బిడ్డలు పనివేళల్లోనే పుట్టాలన్న సర్క్యులర్ గర్భస్థ శిశువులకు ఇంకా చేరినట్టు లేదు.

ఆ అమ్మాయి కాన్పు ముందు పరీక్షలకు రెండుసార్లే వచ్చింది. మీ పన్నెండో స్లయిడు ప్రకారం కారణం ‘అవగాహన లోపం’. నిజమే, లోపం ఉంది. అది ఎవరి వైపు ఉందన్నదే తగువు. దాదాపు 1910 నుంచి 1970 వరకు ప్రభుత్వాలు అబోరిజినల్ పిల్లలను తల్లుల నుంచి లాక్కుపోయాయి. ఊరి ఆస్పత్రుల్లో అబోరిజినల్ తల్లులకు వేరే వార్డు, అదీ లేకపోతే వరండా. పిల్లలను అలా లాక్కుపోవడంపై 1997లో జాతీయ విచారణ నివేదిక వచ్చింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆ క్షమాపణ వీడియో మీ మూడో స్లయిడులో ఉంది, కళ్లు చెమర్చే సంగీతంతో. ఆ సంగీతం ఆగాక జరుగుతున్నది మీరు చూపించరు. ఈనాటికీ ప్రభుత్వ సంరక్షణ పేరుతో పిల్లలను ఇల్లు దాటించే రేటు, అబోరిజినల్ పిల్లల విషయంలో ఇతరులకన్నా దాదాపు పది రెట్లు ఎక్కువ. బిడ్డ కడుపులో ఉండగానే శిశు సంక్షేమ శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదు ఆస్పత్రి నుంచే వెళ్లవచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. బిడ్డను తీసుకుపోతారన్న భయంతో తల్లి పరీక్షలకు రాదు. రాలేదు గనుక ఫైలులో ‘ముప్పు’ అని ఒక గడి నిండుతుంది. గడి నిండింది గనుక ఫిర్యాదు వెళ్తుంది. ఫిర్యాదు వెళ్లింది గనుక ఆమె భయపడింది నిజమేనని చెల్లెలికి, మేనకోడలికి తెలుస్తుంది. వాళ్లూ రారు. ఈ గానుగ ఎన్ని తరాలుగా తిరుగుతోందో మీ ప్రశ్నపత్రం అడగదు.

వెటకారం ఇక్కడ కాసేపు పక్కన పెడతాను. 2016 కొత్త సంవత్సరం రాత్రి న్యూ సౌత్ వేల్స్‌లోని ఒక చిన్న ఊరి ఆస్పత్రికి ఆరు నెలల గర్భిణి, విరాజురి అనే అబోరిజినల్ జాతి మహిళ, నొప్పితో వచ్చింది. అంతకు ముందు నెలల్లోనూ ఎన్నోసార్లు వచ్చింది. రెండు పారాసెటమాల్ మాత్రలు ఇచ్చి, అరగంట దాటిన కాసేపటికే ఇంటికి పంపారు. గంటల వ్యవధిలోనే సెప్సిస్‌తో, అంటే ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్‌తో, ఆమె, కడుపులో బిడ్డ చనిపోయారు. 2019లో కరోనర్ (ఇలాంటి మరణాల మీద విచారణ జరిపే న్యాయాధికారి) ఇచ్చిన తీర్పులో, తెలియకుండానే మనసులో పనిచేసే వివక్ష గురించి కూడా సిఫార్సులు ఉన్నాయి. అలాంటి తీర్పు వచ్చినప్పుడల్లా ఆస్పత్రులకు వెంటనే గుర్తుకు వచ్చేది మీరే. పది వేలమంది ఉద్యోగులు కోర్సు పూర్తి చేశారని లెక్క చూపవచ్చు గదా! మీరు సురక్షితంగా ఉంచుతున్నది తల్లిని కాదు, ఆస్పత్రిని.

మీకు తెలియని విద్య ఒకటి పక్కనే ఉంది. 1971లో సిడ్నీ రెడ్‌ఫర్న్‌లో అబోరిజినల్ ప్రజలు తమ వైద్య కేంద్రాన్ని తామే పెట్టుకున్నారు. 1987లో ఆలిస్ స్ప్రింగ్స్‌లో అలుకురా వచ్చింది. అమ్మమ్మలు, నానమ్మలు కూర్చుని, కాన్పు సంగతి ఆడవాళ్ల సంగతి, మా పెద్దల కట్టుబాటు ప్రకారమే నడుస్తుందని చెప్పి పెట్టుకున్న కేంద్రం అది. 2013లో బ్రిస్బేన్‌లో రెండు అబోరిజినల్ ఆరోగ్య సంస్థలు, మేటర్ మదర్స్ ఆస్పత్రి కలిసి ఒక పని మొదలుపెట్టాయి. గర్భిణికి మొదటి నుంచి చివరి దాకా ఒకే మిడ్‌వైఫ్. ఏ వేళప్పుడైనా ఆమెకే ఫోను. ఇంటి నుంచి తీసుకువెళ్లడానికి బండి. ఇంటి సమస్యలు తెలిసిన తమ జాతి మనిషి తోడు. ఆస్పత్రి భవనంలో కాకుండా, ఊళ్లో తమదనిపించే ఒక చోటు. దేశంలో అబోరిజినల్ బిడ్డల్లో నూటికి దాదాపు 14 మంది నెలలు నిండకుండా పుడుతున్నారు. మిగతావాళ్లలో అది 8. బ్రిస్బేన్ పద్ధతిలో చేరిన తల్లులకు ఆ ప్రమాదం 38 శాతం తక్కువని 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పైగా ఒక్కో తల్లీబిడ్డకు దాదాపు 4,800 డాలర్లు మిగిలాయని తరువాతి లెక్క. ఆ లెక్క వచ్చాక దేశమంతా దీనిని పెట్టేసి ఉంటారని మీరు అనుకుంటే, మీకు ప్రభుత్వాల సాంస్కృతిక అవగాహన లేదన్నమాట. ఇక్కడ ఫలించిన ప్రతి పనీ ‘ప్రయోగాత్మక పథకం’గానే పుట్టి, మూడేళ్ల నిధులతో పెరిగి, నాలుగో ఏట అర్జీలు రాస్తూ ముసలిదవుతుంది. సొంత కేంద్రం పెట్టుకుంటామని వచ్చిన మిడ్‌వైఫ్‌లకేమో ఏళ్ల తరబడి బీమా దొరకలేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

మీకు మాత్రం ఏనాడూ నిధుల కొరత రాలేదు. మా వార్డుకు రాత్రిపూట ఒక్క అబోరిజినల్ మిడ్‌వైఫ్‌ను వేయమని అడిగితే బడ్జెట్ లేదన్నారు. అదే వారం మీ లైసెన్సు ఇంకో అయిదేళ్లకు పొడిగించారు.

అభిప్రాయం చెప్పమని మీ ఆఖరి స్లయిడు అడిగింది కాబట్టి రెండు మనవులు. లయజన్ అధికారికి రాత్రి వేళ కూడా కుర్చీ వేయించండి. దానికి డబ్బు ఎక్కడిదని అడిగితే మీ డిజెరిడూ సంగీతం ఆపేయండి, కొంత మిగులుతుంది. రెండోది, నా జవాబు పత్రం మీరు దిద్దవద్దు. నా చేతుల మీదుగా కాన్పయిన అబోరిజినల్ తల్లులకు ఇంటికి వెళ్లాక, తీరిక దొరికినప్పుడు, ఆస్పత్రి మనుషులు ఎవరూ పక్కన లేనప్పుడు ఇవ్వండి. వాళ్లు వేసిన మార్కులను వార్డు తలుపు మీద, ఇద్దరికి మించి అనుమతి లేదన్న బోర్డు తీసేసి ఆ చోట అంటించండి. తప్పినవాళ్లకు మళ్లీ రాసే అవకాశం ఇవ్వాలా వద్దా అన్నది కూడా వాళ్ల ఇష్టం.

ఇట్లు,
ప్రసూతి వార్డు, రాత్రి డ్యూటీ